బ్యాక్‌లైట్ బోర్డు పదే పదే కాలిపోతుంటే: ఇంకో బోర్డు కొనేముందు ఏం చూడాలి

టీవీలో సౌండ్ వస్తుంది, బొమ్మ రాదు. మెకానిక్ వచ్చి వెనక మూత విప్పి, "బ్యాక్‌లైట్ బోర్డు పోయింది సార్" అని కొత్తది వేసి వెళ్తాడు. కొన్ని నెలలు బాగానే నడుస్తుంది. మళ్ళీ అదే కథ. రెండోసారి మార్చేటప్పుడు "మీ ఇంట్లో కరెంటు సరిగ్గా లేదండీ, స్టెబిలైజర్ పెట్టుకోండి" అంటాడు. అదీ కొంటారు. బోర్డు మూడోసారీ పోతుంది.

ఇలా వరసబెట్టి బోర్డులు తినే టీవీల్లో చాలావాటికి అసలు రోగం బోర్డులో ఉండదు. ఆ బోర్డు వెలిగించే ఎల్‌ఈడీ పట్టీల్లో ఉంటుంది. లేదంటే ఆ పట్టీల్లోకి వెళ్ళే కరెంటు మొదటినుంచీ మరీ ఎక్కువగా సెట్ చేసి ఉంటుంది. పట్టీలు చూడకుండా బోర్డు మార్చడమంటే ఇరుసు విరిగిన బండికి ఎద్దుల్ని మార్చడమే.

ఇక్కడ చెప్పేది 32 నుంచి 43 అంగుళాల మామూలు ఎల్‌ఈడీ టీవీల గురించి. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేవి ఇవే, తెర వెనక పట్టీలు పరిచి ఉండే రకం. మల్టీమీటర్ వాడటం, సోల్డరింగ్ చేయడం వస్తే మొత్తం మీరే చేసుకోవచ్చు. రాకపోతే మూత విప్పక్కర్లేని పరీక్షల వరకు మీరు చేసి, మిగతాది మెకానిక్‌కి అప్పగించండి. కనీసం అతన్ని ఏం అడగాలో తెలుస్తుంది. టీవీ ఇంకా వారంటీలో ఉంటే మాత్రం అసలు మూత ముట్టుకోవద్దు. అదే లోపం మళ్ళీ మళ్ళీ వస్తోందని ప్రతిసారీ జాబ్ షీట్ మీద రాయించుకోండి. సర్వీస్ సెంటర్ వాళ్ళు దాటవేస్తుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినప్పుడు ఆ కాగితాలే పనికొస్తాయి.

బోర్డు చేసే పని, అది చచ్చే తీరు

ఎల్‌ఈడీ టీవీ అని మనం పిలిచేది నిజానికి ఎల్‌సీడీ తెరే. దానికి సొంత వెలుగు లేదు. వెనక రేకు మీద అతికించిన పట్టీల్లోని తెల్ల ఎల్‌ఈడీలు వెలిగితేనే బొమ్మ కనబడుతుంది. ఒక్కో ఎల్‌ఈడీ 3 వోల్టులదో 6 వోల్టులదో అయి ఉంటుంది. ఉదాహరణకు 2 పట్టీలు, ఒక్కోదాంట్లో 6 వోల్టుల ఎల్‌ఈడీలు ఆరేసి, అన్నీ సీరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా ఉన్నాయనుకోండి. మొత్తం 72 వోల్టులు కావాలి. పవర్ సప్లై ఇచ్చేదేమో 12 లేదా 24 వోల్టులు. దాన్ని 72కి పెంచడం, పట్టీల్లోకి వెళ్ళే కరెంటు హద్దు దాటకుండా పట్టి ఉంచడం బ్యాక్‌లైట్ డ్రైవర్, అంటే మనం బ్యాక్‌లైట్ బోర్డు అంటున్నదాని పని. ఒక ఐసీ, ఒక మాస్‌ఫెట్ (కరెంటును వేగంగా ఆపి వదిలే స్విచ్చు లాంటి భాగం), ఒక కాయిల్, ఒక డయోడ్, ఔట్‌పుట్‌లో ఒక కండెన్సర్, కరెంటును కొలిచే చిన్న రెసిస్టర్లు, అంతే సరంజామా. కొన్ని టీవీల్లో ఇది విడి బోర్డు. కొన్నింట్లో పవర్ బోర్డులోనే ఒక మూల ఉంటుంది. చౌక టీవీల్లో పవర్, బ్యాక్‌లైట్, మదర్‌బోర్డు అన్నీ కలిపి ఒకే కాంబో బోర్డు. కాంబో అయితే పది రూపాయల మాస్‌ఫెట్ పోయినా బోర్డు మొత్తానికి డబ్బు కట్టించే ప్రమాదం ఉంది, జాగ్రత్త.

పట్టీలు బోర్డును ఎలా చంపుతాయో చూడండి. వేడికి ఒక ఎల్‌ఈడీ లోపల షార్ట్ అయిందంటే ఆ వరసకు 6 వోల్టులు తక్కువ చాలు. నాలుగు వరసల్ని విడివిడిగా నడిపే ఐసీ అయితే మిగిలిన ఆ 6 వోల్టుల్ని తన ఒంట్లోనే వేడిగా కరిగించుకోవాలి. వరసకు 150 మిల్లీఆంప్లు వెళ్తుంటే దాదాపు 0.9 వాట్లు. గోరంత ఐసీకి అది తక్కువ భారం కాదు. వారాలు, నెలలు అలా కాగి కాగి ఒక రోజు పోతుంది. ఎల్‌ఈడీ తెగిపోతే ఇంకో రకం బాధ. కరెంటు వెళ్ళే దారి లేక బోర్డు వోల్టేజీని పెంచుకుంటూ పోతుంది. రక్షణ సర్క్యూట్ బాగుంటే గరిష్ఠ హద్దు దగ్గర ఆపేస్తుంది. ఇంట్లోవాళ్ళు రిమోట్‌తో ఆపి, వేసి, మళ్ళీ ఆపి, వేసి నెట్టుకొస్తుంటారు. ప్రతిసారీ మాస్‌ఫెట్ మీద, ఔట్‌పుట్ కండెన్సర్ మీద ఆ దెబ్బ పడుతూనే ఉంటుంది.

ఇప్పుడు స్టెబిలైజర్ మాట. బ్యాక్‌లైట్ డ్రైవర్‌కి గోడ ప్లగ్గులోని 230 వోల్టులతో నేరుగా సంబంధం లేదు. మధ్యలో పవర్ సప్లై ఉంటుంది, ఇప్పటి టీవీల్లో అది 100 నుంచి 240 వోల్టుల వరకు తట్టుకునేలా చేసినదే. ఊళ్ళో న్యూట్రల్ తెగి ఇంట్లోకి 400 వోల్టులు వస్తే ముందు పోయేది పవర్ సప్లై ఫ్యూజు, దాని పక్కన ఉండే వేరిస్టర్ (ఎక్కువ వోల్టేజీని అడ్డుకునే భాగం), పెద్ద మాస్‌ఫెట్. అవన్నీ చెక్కుచెదరకుండా ఉండి బ్యాక్‌లైట్ భాగం మాత్రమే పదే పదే పోతోందంటే నేరం ఇంటి కరెంటు మీద నెట్టడం కుదరదు. స్టెబిలైజర్ ఉంటే మంచిదే, కానీ ఈ జబ్బుకు మందు అది కాదు.

1. మూత విప్పకుండానే చేసే పరీక్షలు

గదిలో లైట్లు ఆర్పి, టీవీ వేసి, ఏదో ఒక చానల్ పెట్టండి. ఫోన్ టార్చ్ తెరకు దగ్గరగా, ఏటవాలుగా పట్టండి. మసకగా బొమ్మ కదులుతూ కనిపిస్తే ప్యానెల్, మదర్‌బోర్డు బాగున్నట్టే, పోయింది వెలుగు మాత్రమే. టార్చ్ వేసినా ఏమీ కనిపించకపోతే గొడవ వేరే చోట ఉంది, ఈ దారిలో వెళ్ళకండి.

తర్వాత, టీవీ వేసిన క్షణంలో తెర మీదే కన్నేసి ఉంచండి. ఒకటి రెండు సెకన్లు వెలిగి ఆరిపోతే బోర్డు బతికే ఉంది. పట్టీల్లో ఏదో తేడా పసిగట్టి తనను తాను కాపాడుకుంటోంది. ఇలాంటి టీవీకి బోర్డు మార్చడం శుద్ధ దండగ. అసలు వెలగకపోతే బోర్డు కావచ్చు, పట్టీ తెగి ఉండొచ్చు. రెండూ కూడా కావచ్చు.

పాడవడానికి ముందు టీవీ ఎలా ఉండేదో ఇంట్లోవాళ్ళను అడగండి. బొమ్మ కొన్నాళ్ళుగా నీలంగానో ఊదాగానో మారిందా? తెర మీద ఒకచోట చీకటి మచ్చ వచ్చిందా? అప్పుడప్పుడూ వెలుగు మినుకుమినుకుమందా? బొమ్మ నీలంగా మారిందంటే ఎల్‌ఈడీల మీది పసుపు ఫాస్ఫర్ పూత వేడికి దెబ్బతిందన్నమాట. వాటిని శక్తికి మించి వెలిగిస్తున్నారని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు. చిన్న చీకటి మచ్చ అయితే అక్కడి ఎల్‌ఈడీ షార్ట్ అయి ఉంటుంది. గుండ్రంగా తెల్లటి చుక్క మెరుస్తుంటే ఎల్‌ఈడీ మీది లెన్స్ ఊడిపడింది, దానికీ బోర్డుకీ సంబంధం లేదు.

2. మూత విప్పేముందు

ప్లగ్గు పీకినంత మాత్రాన టీవీ చచ్చినట్టు కాదు. పవర్ సప్లైలోని పెద్ద కండెన్సర్‌లో 300 వోల్టులకు పైగా డీసీ నిలవ ఉంటుంది, కొన్ని టీవీల్లో 400 దాకా. ప్లగ్గు తీసి కనీసం 5 నిమిషాలు ఆగండి. ఆ తర్వాత కూడా మల్టీమీటర్‌తో కొలిచి, 10 వోల్టుల లోపు ఉందని కళ్ళతో చూసుకున్నాకే చేయి పెట్టండి. ఇంకా చార్జి ఉంటే ఫిలమెంట్ బల్బు హోల్డర్ వైర్లు రెండు కాళ్ళకు తాకించి దించేయండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి టప్‌మనిపించే అలవాటు కొందరికి ఉంది. కండెన్సర్‌కీ మంచిది కాదు, కళ్ళకీ మంచిది కాదు.

కరెంటు ఇచ్చి కొలవాల్సి వచ్చినప్పుడు ఒక చేయి జేబులో పెట్టుకుని ఇంకో చేత్తో కొలవండి. కాళ్ళకు చెప్పులు, కింద పొడి చెక్క. పిల్లల్ని గదిలోకి రానివ్వకండి. 60 వాట్ల ఫిలమెంట్ బల్బుతో సీరీస్ బోర్డు (టీవీకి వెళ్ళే కరెంటు బల్బు గుండా వెళ్ళేలా చేసిన ప్లగ్గు బోర్డు) ఉంటే మొదటిసారి దాని ద్వారానే కరెంటు ఇవ్వండి. బల్బు నిండుగా వెలుగుతూ ఉండిపోతే పవర్ భాగంలో షార్ట్ ఉందని, ఏదీ పేలకముందే తెలుస్తుంది. పవర్ బాగుందని తేలాక బల్బు తీసేసి నేరుగా ఇవ్వాలి, లేదంటే బ్యాక్‌లైట్ వెలిగే సమయానికి వోల్టేజీ పడిపోయి లేని లోపం ఉన్నట్టు కనిపిస్తుంది.

3. వోల్టేజీ ఏం చెబుతోంది

బోర్డు మీద ఎల్‌ఈడీ ప్లస్, ఎల్‌ఈడీ మైనస్ అని రాసి ఉన్న కనెక్టర్ వెతకండి. పట్టీల వైర్లు అక్కడికే వస్తాయి. మల్టీమీటర్ డీసీలో, 200 వోల్టులకు పైన ఉండే రేంజ్‌లో పెట్టి, నలుపు ప్రోబును ముందే బోర్డు గ్రౌండ్‌కి క్లిప్‌తో తగిలించి, ఎరుపు ఎల్‌ఈడీ ప్లస్‌కి పెట్టి, ఇంకొకరిని టీవీ వేయమనండి. పవర్ బోర్డులో గీత గీసి వేరు చేసిన హాట్ గ్రౌండ్ (గోడ కరెంటుతో నేరుగా ముడిపడిన భాగం) వైపు నలుపు ప్రోబు పెట్టకూడదు.

వోల్టేజీ గబుక్కున పైకెగిరి, ఒకటి రెండు సెకన్లు గరిష్ఠంగా ఉండి పడిపోతే బోర్డు పని చేస్తోంది, పట్టీ ఎక్కడో తెగింది, లేదా కనెక్టర్ ఊడింది. ఎదుగూ బొదుగూ లేకుండా 24 వోల్టుల దగ్గరే ఉండిపోతే, ఇన్‌పుట్ వోల్టేజీయే కాయిల్, డయోడ్ గుండా నేరుగా అవతలికి వస్తోందన్నమాట, డ్రైవర్ కదలడం లేదు. సున్నా ఉంటే ఫ్యూజు పోయింది, దాని వెనకే మాస్‌ఫెట్ షార్ట్ అయి ఉండొచ్చు.

24 దగ్గర ఆగిపోయిన బోర్డును వెంటనే పోయిందని తీర్మానించకండి. దానికి మదర్‌బోర్డు నుంచి "వెలిగించు" అనే సంకేతం రావాలి. బీఎల్ ఆన్ అనో ఈఎన్‌ఏ అనో రాసి ఉన్న పిన్ మీద 3 నుంచి 5 వోల్టుల మధ్య ఉండాలి. పక్కనే డిమ్ అనో ఏడీజే అనో ఉన్న పిన్ మీద కూడా ఎంతో కొంత వోల్టేజీ కనిపించాలి. రెండూ లేకపోతే లోపం మదర్‌బోర్డులోనో, మధ్య రిబ్బన్ కేబుల్‌లోనో ఉంది. ఇదొక్కటి కొలవకపోవడం వల్ల చెత్తబుట్టలోకి వెళ్ళిన మంచి డ్రైవర్ బోర్డులు ఎన్నో.

4. పట్టీల పరీక్ష, అసలు కథ ఇక్కడే

మామూలు మల్టీమీటర్ డయోడ్ రేంజ్‌తో పట్టీల్ని పరీక్షించలేం. 6 వోల్టుల ఎల్‌ఈడీని వెలిగించే వోల్టేజీ దానిలో ఉండదు. దీనికోసం ఎల్‌ఈడీ బ్యాక్‌లైట్ టెస్టర్ అని చిన్న పెట్టె దొరుకుతుంది. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్తే దాదాపు ఏ స్పేర్ పార్ట్స్ షాపులోనైనా ఉంటుంది, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. లోడును బట్టి వోల్టేజీని తనంతట తానే పెంచుకుంటుంది, కరెంటు మాత్రం కొన్ని మిల్లీఆంప్ల దగ్గరే ఆపుతుంది కాబట్టి పట్టీ కాలదు. దాని కొనల్లో మాత్రం 200, 300 వోల్టుల దాకా ఉండగలవు, వట్టి చేత్తో ముట్టుకోవద్దు.

బోర్డు నుంచి పట్టీల కనెక్టర్ పీకి, టెస్టర్ ప్లస్ ప్లస్‌కి, మైనస్ మైనస్‌కి పెట్టండి. అన్నీ వెలిగితే టెస్టర్ చూపించే వోల్టేజీ రాసుకోండి. పైన చెప్పిన 12 ఎల్‌ఈడీల టీవీలో అది 70 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. తక్కువ కరెంటుతో కొలుస్తున్నాం కాబట్టి కాస్త తగ్గడం సహజం. 64, 65 చూపిస్తే మాత్రం ఒక ఎల్‌ఈడీ షార్ట్ అయి ఉండొచ్చు. తెర బిగించి ఉన్నప్పుడు ఆ ఒక్క ఎల్‌ఈడీ వెలగకపోవడం బయటికి తెలియకపోవచ్చు, పక్క ఎల్‌ఈడీల వెలుగు దాన్ని కప్పేస్తుంది. మెకానిక్ "పట్టీలన్నీ వెలుగుతున్నాయి, బోర్డే పోయింది" అనేది ఇలాంటప్పుడే. వెలిగిందా లేదా అన్నది కాదు, ఎన్ని వోల్టుల దగ్గర వెలిగింది అన్నది అడగాలి. కనెక్టర్‌కి రెండు మూడు వరసలు వస్తుంటే ఒక్కొక్కటీ విడిగా కొలవండి. అన్నీ ఒకేలా ఉండాలి.

టెస్టర్ పెట్టి ఓ పావుగంట వదిలేసి, ఆ తర్వాత మూతను మెల్లగా తట్టి చూడండి. మినుకుమంటే టంకం వదిలిన ఎల్‌ఈడీ ఉంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక తెగే ఎల్‌ఈడీలు ఉంటాయి. రెండు మూడు గంటలు ఆడి ఆగిపోయే టీవీలు ఈ కోవలోవే.

ఇంకో పరీక్షను దాదాపు ఎవరూ చేయరు. పట్టీల కనెక్టర్ పీకేసి, దాని ప్లస్ పిన్‌కీ వెనక రేకుకీ మధ్య, తర్వాత మైనస్ పిన్‌కీ రేకుకీ మధ్య మల్టీమీటర్‌తో ఓములు కొలవండి. మధ్యలో దారే లేదన్నట్టు (ఓఎల్ అని) చూపించాలి. ఏదైనా అంకె చూపిస్తే పట్టీలోని రాగి ట్రాక్‌కీ అల్యూమినియం అడుగుకీ మధ్య ఇన్సులేషన్ ఎక్కడో కోసుకుపోయి కరెంటు రేకుకు తగులుతోంది, లేదా వైరు స్క్రూ కింద నలిగింది. అలాంటి టీవీకి ఎన్ని బోర్డులు వేసినా బూడిదలో పోసిన పన్నీరే.

కనెక్టర్ పిన్నుల్ని కూడా వెలుతురులో చూడండి. నల్లబడి, ప్లాస్టిక్ కరిగి ఉంటే అక్కడ స్పార్క్ వస్తోంది. 70, 100 వోల్టుల డీసీ వదులు పిన్ను దగ్గర స్పార్క్ కొడితే డ్రైవర్‌కి అది ప్రతి క్షణం తెగి, అతుక్కున్నట్టు ఉంటుంది. కనెక్టర్ మార్చండి, శుభ్రం చేసి సరిపెట్టకండి.

5. పట్టీలు మార్చాల్సి వస్తే

ఇందులో కష్టమైన పని ఎలక్ట్రానిక్స్ కాదు, తెరను పగలకుండా ఎత్తడం. ఇద్దరు ఉండాలి. మంచం మీద కాకుండా, తెర కంటే పెద్ద బల్ల మీద దుప్పటి పరిచి చేయండి. తెర అంచున చిన్న చిప్పులు అతికిన సన్నటి ఫిల్ములు కిందికి మడిచి ఉంటాయి. వాటిలో ఒకటి చిరిగితే తెర మీద నిలువు గీతలు వస్తాయి, అక్కడితో టీవీ అయిపోయినట్టే. అంచు బోర్డును ముందుగా విడదీసి, తెరతో పాటే ఎత్తాలి. వేళ్ళతో కాకుండా సక్షన్ కప్పులతో ఎత్తితే మేలు.

తెర కింద ఉండే షీట్లు ఏ వరసలో, ఏ వైపు పైకి ఉన్నాయో ఫోన్‌తో ఫొటో తీసి, అన్నీ కలిపి ఒకేసారి పక్కన పెట్టండి. విడదీస్తే దుమ్ము చేరుతుంది, తర్వాత ప్రతి నలుసూ తెర మీద కనబడుతుంది. ఫ్యాను ఆపండి.

ఒక్క ఎల్‌ఈడీ మాత్రమే మార్చి సరిపెట్టడం నాకు నచ్చని పద్ధతి. మిగతావన్నీ అదే వయసువి, అదే వేడి తిన్నవి, వాటి వంతు కూడా దగ్గర్లోనే ఉంటుంది. పైగా తెర మళ్ళీ విప్పే రిస్కుతో పోలిస్తే పట్టీల సెట్టు ధర తక్కువే. అన్నీ కొత్తవి, ఒకే సెట్టువి వేయండి. పట్టీ మీద రాసి ఉన్న నంబరు చూసే కొనండి. పొడవు సరిపోయింది కదా అని 6 వోల్టుల పట్టీ స్థానంలో 3 వోల్టులది వేస్తే బోర్డు లెక్క మొత్తం తప్పుతుంది. కొత్త పట్టీ రేకుకు పూర్తిగా అతుక్కోవాలి, మధ్యలో ఉబ్బు ఉండకూడదు. ఎల్‌ఈడీ వేడి రేకులోకి దిగడానికి ఉన్న దారి అదొక్కటే. పాత జిగురును స్పిరిట్‌తో తుడిచి, వేడిని దాటించే డబుల్ సైడ్ టేపు వాడండి. తెర బిగించేముందే టెస్టర్ పెట్టి ఇంకోసారి వోల్టేజీ చూసుకోండి.

6. బోర్డు రిపేరు

మాస్‌ఫెట్ ఒంటరిగా పోదు. షార్ట్ అయ్యేటప్పుడు దాని కాలి దగ్గరి చిన్న రెసిస్టర్‌ని, ఫ్యూజుని, చాలాసార్లు దాన్ని నడిపే ఐసీని కూడా తీసుకుపోతుంది. మాస్‌ఫెట్ ఒక్కటే మార్చి కరెంటు ఇస్తే కొత్తదీ క్షణంలో పోయేది అందుకే. గేటు రెసిస్టర్, సోర్స్ రెసిస్టర్, డయోడ్, ఫ్యూజు అన్నీ కొలవండి. అనుమానం ఉంటే అన్నీ కలిపి మార్చేయండి.

డయోడ్ విషయంలో పట్టుదలగా ఉండండి. అందుబాటులో ఉంది కదా అని 4007 వేసేవాళ్ళున్నారు. అది గోడ కరెంటు 50 హెర్ట్‌జ్‌కి తగినది. ఇక్కడ సెకనుకు లక్షసార్లకు అటూ ఇటూగా స్విచ్చింగ్ జరుగుతుంది. అంత వేగాన్ని అది అందుకోలేక వెనక్కి కరెంటు వదులుతుంది, తను కాగుతుంది, మాస్‌ఫెట్‌నీ కాల్చేస్తుంది. పాత నంబరే వేయండి, దొరకకపోతే అంతే వోల్టేజీ, అంతే కరెంటు ఉన్న ఫాస్ట్ రికవరీ డయోడ్.

ఔట్‌పుట్ కండెన్సర్ నెత్తి ఉబ్బకపోయినా లోపల ఎండిపోయి ఉండొచ్చు. ఎక్కువ వేడి తగిలేది దానికే. బోర్డు ఎలాగూ విప్పారు కాబట్టి మార్చేయండి. 105 డిగ్రీలది, అదే మైక్రోఫారడ్, వోల్టేజీ అంతే లేదా ఎక్కువ. ఇన్‌పుట్ వైపు 24 వోల్టుల లైను మీద ఉండే కండెన్సర్ కూడా.

ఐసీ దొరక్క యూనివర్సల్ డ్రైవర్ బోర్డు తగిలించే ఆనవాయితీ మన దగ్గర ఉంది. తప్పేమీ లేదు. కాకపోతే దాని ఔట్‌పుట్ వోల్టేజీ హద్దులో మీ పట్టీల వోల్టేజీ ఉండాలి, దాని కరెంటు జంపర్‌ను అన్నిటికంటే తక్కువ దగ్గర పెట్టి మొదలుపెట్టాలి. వచ్చిన జంపర్ వచ్చినట్టే ఉంచి బిగిస్తే కొత్త పట్టీలు కూడా పాతవాటి దారే పడతాయి.

7. కరెంటు తగ్గించడం

మళ్ళీ రాకుండా ఆపేది ఈ పనే. షోరూములో పక్క టీవీ కంటే మెరవాలని చాలా కంపెనీలు తక్కువ ఎల్‌ఈడీలు పెట్టి వాటిలోకి ఎక్కువ కరెంటు తోస్తాయి. ఇంట్లో అంత వెలుగు ఎవరికీ అక్కర్లేదు.

ఎల్‌ఈడీ మైనస్ నుంచి గ్రౌండ్‌కి వెళ్ళే దారిలో రెండు మూడు చిన్న రెసిస్టర్లు పక్కపక్కనే పారలల్‌లో ఉంటాయి. వాటి మీద పడే వోల్టేజీని చూసే ఐసీ కరెంటును అదుపు చేస్తుంది. ఉదాహరణకు 2.2 ఓముల రెసిస్టర్లు మూడు ఉన్నాయనుకోండి. కలిపి 0.73 ఓములు. టీవీ నడుస్తుండగా వాటి మీద 0.22 వోల్టులు కనిపిస్తే, పట్టీల్లో వెళ్తున్నది 0.3 ఆంప్లు. ఒక రెసిస్టర్ పీకేస్తే 1.1 ఓములు అవుతుంది. ఐసీ ఆ 0.22 వోల్టుల్నే నిలబెడుతుంది కాబట్టి కరెంటు 0.2 ఆంప్లకు పడుతుంది. మూడో వంతు తగ్గింది. వెలుగు మాత్రం అంతగా తగ్గినట్టు కంటికి అనిపించదు, తక్కువ కరెంటులో ఎల్‌ఈడీ ఇంకాస్త పొదుపుగా వెలుగుతుంది.

జాగ్రత్త ఒకటి. వోల్టేజీని పెంచే (బూస్ట్) మాస్‌ఫెట్ సోర్స్ కాలి దగ్గర కూడా అచ్చం ఇలాంటి రెసిస్టర్లే ఉంటాయి. వాటి పని వేరు, వాటిని ముట్టుకోకండి. ఎల్‌ఈడీ మైనస్ పిన్ నుంచి ట్రాక్ పట్టుకుని వెళ్ళి, మధ్యలో ఉన్న డిమ్మింగ్ మాస్‌ఫెట్ దాటాక వచ్చేవే మనకు కావలసినవి. ఒక ఐసీయే నాలుగైదు వరసల్ని నడిపే బోర్డులో ఈ రెసిస్టర్లు ఉండవు. కరెంటు ఎంతో నిర్ణయించే ఐసెట్ పిన్ నుంచి గ్రౌండ్‌కి ఒకే రెసిస్టర్ ఉంటుంది. చాలా ఐసీల్లో దాని విలువ పెంచితే కరెంటు తగ్గుతుంది, ఐసీ డేటాషీట్ చూసి నిర్ధారించుకోండి.

రెసిస్టర్ల జోలికి వెళ్ళడం ఇష్టం లేకపోతే మెనూలో పిక్చర్ సెట్టింగ్స్ తెరిచి డైనమిక్, వివిడ్ మోడ్‌ల నుంచి స్టాండర్డ్‌కో సినిమాకో మారండి. అందులో బ్యాక్‌లైట్ అనే మాట ఉన్న సెట్టింగును 50 దగ్గరికి దించండి. బ్రైట్‌నెస్ తగ్గిస్తే చాలనుకునేరు. చాలా టీవీల్లో అది బొమ్మలో నలుపు ఎంత ఉండాలో మారుస్తుందే తప్ప వెనక ఎల్‌ఈడీల్ని ముట్టుకోదు. మూత విప్పని వాళ్ళు కూడా, టీవీ కొత్తదైనా సరే, ఈ మార్పు ఇవాళే చేసుకోవచ్చు.

8. బిగించాక

వెంటనే గోడకు తగిలించకండి. నిలబెట్టి నాలుగైదు గంటలు నడిపి, మధ్యమధ్యలో ఎల్‌ఈడీ ప్లస్ వోల్టేజీ చూడండి. వేడెక్కేకొద్దీ కొద్దిగా తగ్గడం మామూలే, ఉన్నట్టుండి 6 వోల్టులు పడితే కొత్త పట్టీలోనే ఒకటి పోయింది. షాపువాడికి వెంటనే తిరిగి ఇచ్చేయండి. టీవీని షోకేసు గూట్లో ఇరికించి పెట్టే ఇళ్ళలో వెనకా పైనా గాలి ఆడేంత ఖాళీ వదలాలి.

తెర మీద ఇప్పటికే గీతలుంటే, లేదా పట్టీలూ బోర్డూ కలిపి ఖర్చు కొత్త టీవీ ధరలో సగం దాటుతుంటే రిపేరు మానేయడమే నయం. చేయించే పక్షంలో మెకానిక్‌కి పని ఇచ్చేముందే అడగండి: "అన్నా, పట్టీలు ఎన్ని వోల్టుల దగ్గర వెలిగాయి? కరెంటు ఎంతకు తగ్గిస్తావు?" కొలిచి చెప్పేవాడికే టీవీ ఇవ్వండి. పని అయ్యాక పట్టీల వోల్టేజీ, పెట్టిన కరెంటు, వేసిన పార్టుల నంబర్లు, తేదీ వెనక మూత లోపలి వైపున మార్కర్‌తో రాయించండి. తర్వాత ఎవరు విప్పినా మొదటినుంచి వెతుక్కునే పని ఉండదు.